పీహెచ్‌డీ అడ్మిషన్‌కి చాలిన స్కోరు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పనికి చాలదా?

ప్రశ్న:
అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను. పోయిన ఏడాది రాసిన టోఫెల్ ఇంగ్లిష్ పరీక్షలో 120కి 98 వచ్చాయి, స్పీకింగ్‌లో మాత్రం 30కి 22. అడ్మిషన్‌కి ఇది చాలు. కానీ ల్యాబ్ క్లాసులు చెప్పాలంటే స్పీకింగ్ స్కోరు విడిగా చూస్తారట. నా ఫండింగంతా టీఏ మీదే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. నా రీసెర్చ్ గురించి ఎంతసేపైనా మాట్లాడగలను, 45 సెకన్ల టైమర్ కనబడితే గొంతు పట్టేస్తుంది. మళ్లీ రాయాలా?

జవాబు:
వెంటనే రాయకండి. టీఏ కటాఫ్ యూనివర్సిటీని బట్టి మారుతుంది. పెన్సిల్వేనియాలో అయితే బోధించేవాళ్ల ఇంగ్లిష్ గురించి 1990 నుంచి చట్టమే ఉంది. చాలాచోట్ల అక్కడికి వెళ్లాక సొంతంగా ఓరల్ టెస్ట్ పెడతారు. నాకూ పెట్టారు. బోర్డు దగ్గర ఒక లెక్క వివరించమన్నారు, ఎగ్జామినర్లే విద్యార్థుల్లా మధ్యమధ్యలో ప్రశ్నలు వేశారు. టైమర్‌తో మాట్లాడటం కన్నా అదే నయం, ఎదురుగా మనుషులుంటారు కదా! ప్రశ్నని మళ్లీ మన మాటల్లో చెప్పి జవాబివ్వడం ప్రాక్టీస్ చేయండి.

మరో జవాబు:
అక్కడ పెట్టే ఓరల్ టెస్ట్ పాస్ కాకపోతే మొదటి సెమిస్టర్ గ్రేడింగ్ పని ఇస్తారా, స్టైపెండ్ ఆగుతుందా అని డిపార్ట్‌మెంట్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టండి. టోఫెల్ స్కోరు 2 ఏళ్లే చెల్లుతుంది, ఆ తేదీ కూడా చూసుకోండి.