ప్రాణప్రదమైన నవల సినిమాగా వస్తోంది: ముందు మళ్లీ చదవాలా, వద్దా?

పదిహేనేళ్లలో ఆరుసార్లు చదివిన నవల వచ్చే నెల సినిమాగా విడుదలవుతోంది. ప్రచార చిత్రం చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. కథానాయిక ముఖం నేను ఊహించుకున్నది కాదు. అది సర్దుకుంటుంది. నా భయమంతా ఆమె తనలో తాను మాట్లాడుకునే అధ్యాయాల గురించే. నాకు నవలంటే ఆ గొంతే. దాన్ని తెరమీద ఎలా చూపిస్తారు?

స్క్రీన్‌ప్లేలో పేజీకి సుమారు ఒక నిమిషం లెక్క. రెండు గంటల సినిమాకు 120 పేజీలు. 500 పేజీల కథ అందులో ఇమడదని నాకూ తెలుసు. దర్శకుడు పీటర్ జాక్సన్ 2001లో ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి భాగంలో, నవలలో ఉన్న టామ్ బాంబడిల్ పాత్రను పూర్తిగా వదిలేసినా పాఠకులు ఎందరో ఆ చిత్రాన్ని గుండెకు హత్తుకున్నారు. కానీ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన ‘ద షైనింగ్’ ఎంత పేరు తెచ్చుకున్నా, నవల రాసిన స్టీఫెన్ కింగ్‌కే నచ్చలేదు. 1997లో అదే నవలకు టీవీ కోసం ఆయనే స్వయంగా స్క్రిప్టు రాశారు. రాసినవారికే అంత బాధ ఉంటే, ప్రేమించి చదివినవారి సంగతి చెప్పాలా!

ఇలాంటి అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. సినిమాకు ముందు నవల మళ్లీ చదివితే మేలా, లేక ప్రతి సన్నివేశాన్నీ పోల్చుకుంటూ కూర్చుంటామా? చూశాక మళ్లీ పుస్తకం తెరిస్తే, మీరు ఊహించుకున్న ముఖాలు తిరిగి వచ్చాయా?