పాప యూనివర్సిటీ ఫీజుకి దారేమిటి? (కెనడాలోని ఒంటారియో, కొత్త పీఆర్)

అందరికీ నమస్కారం. పోయినేడు పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద ఒంటారియో వచ్చాం. పాప గ్రేడ్ 12. బాబుకి వచ్చే నెల 15 నిండుతాయి. యూనివర్సిటీ ఫీజులు చూస్తే గుండె గుభేలుమంది. ఇండియాలో ఉన్న స్థలం అమ్మేద్దామని మావారు అంటున్నారు. వేరే దారి ఉందా?

జవాబు 1:
స్థలం జోలికి ఇప్పుడే పోకండి. ముందు మీరు చూసిన ఫీజు ఎవరిదో సరిచూసుకోండి. ఇంటర్నేషనల్ స్టూడెంట్ల ఫీజు వేరు, పీఆర్ ఉన్నవాళ్ళకి పడే డొమెస్టిక్ ఫీజు వేరు. తేడా చాలా ఎక్కువ.

పాపకి ఓసాప్ (ఒంటారియో విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సహాయం) తప్పకుండా అప్లై చేయించండి. అప్పు మాకొద్దని మనవాళ్ళు చాలామంది అసలు ఫారమే నింపరు, అదే నా బాధ. ఒకే అప్లికేషన్ మీద గ్రాంట్, లోన్ రెండూ చూస్తారు. గ్రాంట్ తిరిగి కట్టక్కర్లేదు. లోన్‌లో కూడా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) వాటాకి 2023 ఏప్రిల్ 1 నుంచి వడ్డీ ఎత్తేశారు. యూనివర్సిటీ ఇచ్చే బర్సరీలకి (డబ్బు అవసరాన్ని బట్టి ఇచ్చే సహాయం) మాత్రం చాలాచోట్ల విడిగా అప్లై చేయాలి. స్కాలర్‌షిప్‌లు కొన్ని మార్కులను బట్టి వాటంతటవే వస్తాయి.

అసలు తొందర బాబు విషయంలో. అతని పేరు మీద ఆర్‌ఈఎస్‌పీ (పిల్లల పై చదువుకి దాచుకునే పొదుపు ఖాతా) తెరిచి, అతనికి 15 నిండే ఏడాది డిసెంబర్ 31 లోపు 2,000 డాలర్లు వేయండి. ప్రభుత్వం 20 శాతం, అంటే 400 కలుపుతుంది. ఇలా చేస్తేనే 16, 17 ఏళ్ళప్పుడు కూడా గ్రాంట్ వస్తుంది, ఏడాదికి 2,500 వేస్తే 500 చొప్పున. ఈ గడువు దాటితే ఆ రెండేళ్ళకీ ఒక్క డాలరు రాదు. బాబుకి సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబర్ లేకపోతే ముందు అది తీయించండి. మీ ఆదాయం తక్కువైతే కెనడా లెర్నింగ్ బాండ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ పిల్లల ఆర్‌ఈఎస్‌పీలో ప్రభుత్వం వేసే డబ్బు) గురించి కూడా అడగండి, దానికి మీరు చేతి నుంచి ఏమీ వేయక్కర్లేదు.

జవాబు 2:
ఆర్‌ఈఎస్‌పీ బ్యాంకులోనే తెరవండి అక్కా. కొత్తగా వచ్చినవాళ్ళ ఇళ్ళకి గ్రూప్ ప్లాన్ (చాలామంది పిల్లల డబ్బు కలిపి నడిపే ఆర్‌ఈఎస్‌పీ) ఏజెంట్లు వస్తుంటారు. మొదట్లో కట్టిన డబ్బులో పెద్ద భాగం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కింద పోతుంది, మధ్యలో మానేస్తే ఆ ఫీజు తిరిగి రాదు.

ప్రశ్న అడిగినావిడ:
అయ్యో, పోయిన వారమే ఒకాయన వచ్చి సంతకం పెట్టించుకున్నారండీ!

జవాబు 2:
కంగారు పడకండి. సంతకం పెట్టిన 60 రోజుల్లోపు రద్దు చేసుకుంటే కట్టినదంతా వెనక్కి ఇవ్వాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఇవాళే రాతపూర్వకంగా పంపి, కాపీ దగ్గర పెట్టుకోండి.