నాన్న హెర్నియాకు రోబోటిక్ అవసరమా, లాపరోస్కోపీ సరిపోతుందా?

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో బస్తాలు మోసే మా నాన్నకు గజ్జల్లో ఒకవైపు హెర్నియా (కండరం బలహీనపడిన చోట లోపలి భాగం బయటికి ఉబ్బడం) వచ్చింది. నల్గొండలో డాక్టరు గారు లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) చాలన్నారు. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి వాళ్లు రోబోటిక్ అయితే నొప్పి తక్కువ అంటున్నారు, ఖర్చేమో బాగా ఎక్కువ. రెండింట్లోనూ చిన్న రంధ్రాలే, లోపల పెట్టేది మెష్షే (బలహీనమైన చోట ఆసరాగా పెట్టే వల) కదా. రోబో తనంతట తాను కోయదు, కన్సోల్ (రోబోను నడిపే కంట్రోల్ యంత్రం) దగ్గర కూర్చుని సర్జనే నడుపుతారు (ఇది చెప్పాకే అమ్మకు టెన్షన్ తగ్గింది). ఈ రెండు పద్ధతుల్నీ రోగుల్లో పోల్చి చూసిన, 2020లో వెలువడిన రైవల్ ట్రయల్ అనే అధ్యయనంలో కూడా ఒకవైపు గజ్జ హెర్నియాకు రోబోతో అదనపు లాభం కనిపించలేదు. ఆపరేషన్ సమయం, ఖర్చు పెరిగాయి. మరి ఆ అదనపు డబ్బు దేనికి?

చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మళ్లీ బరువులు ఎప్పుడు ఎత్తారు? గజ్జల్లో నొప్పి మిగిలిందా?