జ్ఞానానికి మించినదాన్ని తెలుసుకునేది ఎట్ల? (ఎఫెసీ 3:19)

గుత్తి పిల్ల:
అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం మా యూత్ మీటింగ్‌లో ఎఫెసీ 3:18, 19 మీద ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు, చదివేకొద్దీ తల తిరుగుతాంది. "జ్ఞానమునకు మించిన క్రీస్తు ప్రేమను తెలిసికొనుటకు" అంట. జ్ఞానానికి మించింది అంటేనే మనకు అందదని కదా, మళ్ల తెలుసుకోమంటాడేంది పౌలు? తెలుగులో తప్పు పడిందా? ఇంకోటి, మా అన్న ఈసారి కూడా శెనక్కాయ వేసి పెట్టుబడంతా పోగొట్టుకున్నాడు, బోరు ఎండిపోయింది. దేవుని ప్రేమ అంత పెద్దది ఇంత పెద్దది అని నేను మైకులో చెప్తాంటే వాడు ముందర చాప మీద కూర్చోని నా మొకమే చూస్తాంటాడు.

పాత బైండు బైబిల్:
తెలుగు కరెక్టేనమ్మా. గ్రీకులో కూడా అంతే, తెలుసుకోవడానికి గ్నోనై, జ్ఞానానికి గ్నోసిస్, రెండూ ఒకే ధాతువు. పౌలు కావాలనే రెండూ పక్కపక్కన పెట్టినాడు. 18లో ఆ ప్రేమకి వెడల్పు పొడుగు లోతు ఎత్తు అని నాలుగు చెప్పి ఒక్కదానికన్నా మూర ఇంత, జాన ఇంత అన్నాడా చూడు. ఇదే బైబిల్లో నోవహు ఓడకి పొడుగు 300 మూరలని లెక్క రాసుంది మరి!

కొలిమిగుండ్ల బ్రదర్:
అందరూ కొలతల దగ్గరే ఆగిపోతారు, దానికి ముందుండే "సమస్త పరిశుద్ధులతో కూడ", అంటే విశ్వాసులందరితో కలిసి, అనే మాట ఎవరూ పట్టించుకోరు. మా బేలం గుహలకి వచ్చినారా ఎప్పుడన్నా? 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషు జియాలజిస్ట్ వాటి గురించి రాసిపెట్టినాడు, మళ్ల 1982, 83లో గెబావర్ అనే జర్మన్ ఆయన టీమును వేసుకోని వచ్చి లోపల వెతికినాడు, ఇప్పుడు పొడుగు 3,229 మీటర్లని తెలుసు, మనల్ని మాత్రం ఒకటిన్నర కిలోమీటరు దాకానే పోనిస్తారు. చిన్నప్పుడు కరెంటు పోయి నేను ఆ గుహల్లోనే పాతాళగంగ అనే నీళ్లుండే చోట ఇరుక్కున్నా, ముందరోళ్ల చొక్కా పట్టుకోనే బయటపడినా. ఈ వాక్యం చదివితే నాకు ఆ చొక్కానే గుర్తొస్తాది. ఒంటిగా కూర్చోని అర్థం చేసుకునేది కాదక్కా ఇది.

కడప నుంచి:
బ్రదర్ ప్రసంగం పాయింట్ కొట్టేసినాడు, రేపు మా సంఘంలో వాడుకుంటా 😀

పాత బైండు బైబిల్:
మీ అన్న సంగతికొస్తే, ఆ అధ్యాయం మొదట్లోనే పౌలు నేను ఖైదీని అని రాసుకున్నాడు, 13వ వచనంలో నా శ్రమల్ని చూసి మీరు అధైర్యపడొద్దు అంటాడు. అన్నీ బాగుండేటోడు రాసిన మాటలు కావు. అయినా అన్నకి స్టేజి మీద నుంచి జవాబు చెప్పాలని చూడొద్దు. ముందురోజు ఇంటికి పోయి కూర్చో. బోరుకి తెచ్చిన అప్పు ఎంత మిగిలిందో అడుగు.

గుత్తి పిల్ల:
పోయినా అంకుల్. అప్పు సంగతి గంటసేపు చెప్పినాడు, ఇంట్లో ఎవరమూ అడగలేదంట ఇన్నిరోజులు. ఈ పోస్టు కూడా చూపించినా. బేలంకి పోదాం, పెట్రోల్ మాత్రం నువ్వే పోయించాల అంటాండాడు.