కోడిపిల్లల స్టార్టర్‌లో (మొదటి వారాల దాణాలో) పామాయిల్ వెయ్యొచ్చా, సోయా నూనే వెయ్యాలా?

హోస్కోటె_కోడి: అందరికీ నమస్తే. మాది చిత్తూరు, బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర చిన్న బ్రాయిలర్ షెడ్ నడుపుతున్నా, దాణా మేమే కలిపించుకుంటాం. సోయా నూనె రేటు చూసి ఈసారి పిల్లల దాణాలో కూడా పామాయిలే పోద్దామనుకుంటున్నా, సప్లయరేమో ఇంకా చవగ్గా పశువుల కొవ్వు ఉంది తీస్కో అంటున్నాడు. ఏదైనా కొవ్వే కదా, కోడికి తేడా తెలుస్తుందా?

దాణామిల్లు: తెలుస్తుంది అన్నా, మొదటి రెండు వారాలైతే మరీను. పిల్లకి పైత్యరసం, లైపేజ్ (కొవ్వుని అరిగించే ఎంజైమ్) రెండూ అప్పటికింకా సరిగ్గా ఊరవు. సోయా నూనెలో శాచురేటెడ్ కొవ్వు (గడ్డకట్టే రకం) 15 శాతం అటూ ఇటూ, ఉన్న కాస్త పైత్యరసంతోనే అరిగిపోద్ది. పామాయిల్లో, పశువుల కొవ్వులో దాదాపు సగం శాచురేటెడే, అందులో ఉండే పామిటిక్, స్టియరిక్ అనే ఫ్యాటీ యాసిడ్లు ఓ పట్టాన అరగవు, పైగా దాణాలో కాల్షియంతో కలిసి సబ్బులా తయారై రెట్టలో పోతాయి, అంటే నువ్వు కొన్న ఎనర్జీతో పాటు కాల్షియం కూడా లిట్టర్ (షెడ్ నేల మీద పరిచే పొట్టు) పాలే.

రామ్_యలహంక: మూడు వారాలు దాటితే పామాయిల్ పర్లేదు బ్రో. ఒక్కటే పొయ్యకుండా కొంచెం సోయా నూనె కలుపు, దాంతో పాటు శాచురేటెడ్ కూడా బాగా ఒంటబడుతుంది, విడివిడిగా వేసుకున్న లెక్క కంటే ఎనర్జీ ఎక్కువొస్తుంది. గోధుమ వేస్తున్నావా? వేస్తే పేగులో జిగురు పెరిగి కొవ్వు ఇంకా అరగదు, ఆ జిగురు తగ్గించే జైలనేజ్ ఎంజైమ్ పడాల్సిందే.

హోస్కోటె_కోడి: గోధుమ లేదు, మొక్కజొన్నే. లైసోలెసిథిన్ (కొవ్వుని నీళ్ళలో కలిపి అరగడానికి సాయపడే మందు) వేస్తే స్టార్టర్‌లో కూడా పామాయిల్ నడిచిపోద్దని మందుల రెప్ చెప్తున్నాడు, నిజమేనా? ఇంకోటి, రిఫైనరీ యాసిడ్ ఆయిల్ (నూనె శుద్ధి చేసేటప్పుడు మిగిలేది) కూడా చవగ్గా దొరుకుతోంది.

దాణామిల్లు: లైసోలెసిథిన్‌తో కొంత మేలే, కానీ దాంతో పామాయిల్ సోయా నూనె అయిపోదు, రెప్ మాట సగమే నమ్ము 😀 యాసిడ్ ఆయిల్లో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు (నూనె నుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు) ఎక్కువ. మామూలు నూనె అరిగేటప్పుడు వచ్చే మోనోగ్లిజరైడ్లే మిగతా కొవ్వు పేగులో కలవడానికి సాయం, ఇందులో అవి సరిపడా రావు, అందుకే అరుగుదల తక్కువ. పిల్లలకైతే అస్సలొద్దు.

రామ్_యలహంక: హోటళ్ళలో కాచి కాచి వదిలేసిన నూనె తెచ్చి పోసేవాళ్ళూ ఉన్నారు, ఆ పని మాత్రం చెయ్యకు, ముక్కిపోయిన నూనె దాణాలో విటమిన్ ఈని కూడా తినేస్తుంది. ఏది కొన్నా పెరాక్సైడ్ రిపోర్టు (నూనె ఎంత ముక్కిందో చెప్పే పరీక్ష) అడుగు, ఇవ్వకపోతే డ్రమ్ము దించనివ్వకు.

హోస్కోటె_కోడి: సరే, స్టార్టర్‌కి సోయానే. ఫినిషర్‌కి (చివరి వారాల దాణాకి) సోయాని పామాయిల్‌తో కలుపుతా. కొవ్వు డ్రమ్ము వద్దని చెప్పేశా.