అప్‌డేట్: ఖతార్‌లో టర్కీ సైనిక స్థావరం ఇరాన్‌ను అడ్డుకోవడానికేనా?

ఖతార్‌లో టర్కీ సైన్యం ఉన్నది ఇరాన్‌ను అడ్డుకోవడానికా, ఒట్టోమన్ (టర్కీ)–సఫావిద్ (ఇరాన్) సామ్రాజ్యాల పాత పగకు అది కొనసాగింపా అని ఇక్కడ అడిగాను. విషయం తేలింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"2017లో ఆ స్థావరాన్ని మూసేయమన్నది ఎవరో చూడండి" అన్న సలహాతోనే చిక్కుముడి వీడింది. అడిగింది ఇరాన్ కాదు. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌ను దిగ్బంధించి పెట్టిన 13 డిమాండ్లలో అదొకటి. ఆ జూన్‌లోనే టర్కీ పార్లమెంటు అక్కడికి సైన్యాన్ని పంపడానికి ఒప్పుకుంది. ఇరానేమో ఖతార్ విమానాలకు తన గగనతలం తెరిచి, పండ్లు, కూరగాయలు విమానాల్లో పంపింది. అంటే ఇద్దరూ ఖతార్ పక్షానే నిలబడ్డారు!

1514లో ఆ రెండు సామ్రాజ్యాల మధ్య జరిగిన చాల్దిరాన్ యుద్ధం ఈ ప్రశ్నకు అవసరం పడలేదు. పైగా అది తుర్కులు, పర్షియన్ల జాతి వైరం అనడమూ కుదరదు. గెలిచిన ఒట్టోమన్ సుల్తాన్ సలీం పారశీకంలో కవిత్వం రాస్తే, ఓడిన సఫావిద్ షా ఇస్మాయిల్ తుర్కీ భాషలో రాశాడు. నాకు చాలా నచ్చిన సంగతి ఇది.

టర్కీ, ఇరాన్‌ల పోటీ నిజంగా కనిపించేది ఇరాక్‌లో. మోసుల్ దగ్గరి బషీఖాలో టర్కీ సైనికులు ఉన్నారు. ఇరాన్ అండ ఉన్న మిలీషియాలు (సాయుధ దళాలు) వాళ్లను వెళ్లిపొమ్మంటున్నాయి. 2021 ఏప్రిల్‌లో అక్కడ రాకెట్ దాడిలో ఒక టర్కీ సైనికుడు చనిపోయాడు. ఇదే సందేహంతో వెతుకుతూ వచ్చినవాళ్లు ఖతార్ కంటే ముందు బషీఖా గురించి చదవండి.