క్షీరదాల్లో ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్: పనికొచ్చేది ఎంత, పొరపాటు ఎంత?

కణరేఖ: ఒకే జన్యువు నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏని కణం రకరకాలుగా కత్తిరించి అతికించి, వేర్వేరు ప్రొటీన్లు చేసుకోగలదు. ఇదే ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్. దీని మీద 2012 డిసెంబరులో సైన్స్ పత్రికలో రెండు పరిశోధనలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి ఎంఐటీలోని బర్జ్ బృందానిది, రెండోది టొరంటోలోని బ్లెంకో బృందానిది. ఏ జన్యువు ఎంత మోతాదులో పనిచేస్తోందో చూస్తే ఎలుక కాలేయం ఆవు కాలేయాన్ని పోలి ఉంటుంది. స్ప్లైసింగ్ చూస్తే మాత్రం అదే ఎలుక కాలేయం చాలావరకు ఎలుక కిడ్నీకే దగ్గరగా ఉంటుంది. మెదడు, గుండె, కండరాలు కొంతవరకు దీనికి మినహాయింపు. జాతికీ జాతికీ మధ్య తేడాలు తెచ్చిన పెద్ద కారణాల్లో స్ప్లైసింగ్ ఒకటని నా నమ్మకం. మీరేమంటారు?

సందేహి: త్వరగా మారిపోతోందంటే దాన్ని ఎవరూ కాపలా కాయడం లేదని అర్థం. అవసరమైన దాన్ని ప్రకృతి వరణం కదలనివ్వదు. కత్తెర ఆడిన చోటల్లా దర్జీ ఉన్నాడని ఎలా అంటారు? డ్యూరే, నెక్సూలియా బృందం చాలా జంతుజాతులను పోల్చి చూసింది. జనాభా తక్కువగా ఉండి, వరణం బలహీనంగా ఉండే జాతుల్లోనే ఈ స్ప్లైసింగ్ ఎక్కువ కనిపించింది. చిన్నచిన్న తప్పులను ఏరిపారేసే శక్తి అక్కడ ఉండదు మరి. ఆ 95 శాతం లెక్క పట్టుకుని ఇంకెన్నాళ్లు ఊగుతారు?

కణరేఖ: 95 శాతం అని నేను ఎక్కడన్నాను?

నీలాకాశం: ఆ లెక్క 2008 నాటిది. ఒకటికి మించి ఎక్సాన్లు (కత్తిరించి అతికించాక ఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్కలు) ఉన్న మానవ జన్యువుల్లో దాదాపు 95 శాతం ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్‌కు లోనవుతాయని.

సందేహి: అదే నేననేది. ఎక్కడో అరుదుగా ఒక కాపీ తేడాగా కనబడినా ఆ జన్యువు ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీలో, అంటే ముక్కల బరువును బట్టి గుర్తించే పద్ధతిలో, ప్రొటీన్లను చూస్తే చాలా జన్యువులకు ఒకే ప్రధాన రూపం దొరుకుతోంది. 2017లో ట్రెస్ బృందం ఈ సంగతి గట్టిగానే చెప్పింది.

కణరేఖ: అదే ఏడాది బ్లెంకో దానికి జవాబు కూడా ఇచ్చారు. అరుదైన పెప్టైడ్లను (ప్రొటీన్ ముక్కలను) పట్టుకునే శక్తి ఆ పద్ధతికి తక్కువ. సరే, 95 వదిలేయండి. పీటీబీపీ1 సంగతి చెప్పండి. వేరే ఆర్‌ఎన్‌ఏల స్ప్లైసింగ్‌ను అదుపు చేసే ప్రొటీన్ అది. దాని 9వ ఎక్సాన్‌ను దాటేయడం క్షీరదాల్లోనే కనిపిస్తుంది. ఆ ఒక్క మార్పుతో దాని అదుపు సడలి, నాడీకణాల్లో వాడే ఎక్సాన్లు చాలా బయటికొచ్చాయి. కోడి కణాల్లో అదే మార్పు తెచ్చిపెడితే అక్కడా స్ప్లైసింగ్ మారింది. దీన్నీ పొరపాటంటారా?

సందేహి: ఒక్క ఉదాహరణ. వేల ఎక్సాన్ల గురించి మాట్లాడుతున్నాం కదా. అయినా 95 అని రాసినవాళ్లు ప్రొటీన్ చూశారా లేదా?

గోరింట: ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటున్నారు.

సందేహి: గోరింట గారూ, నాకిది ఊరికే వాదన కాదు. నా పీహెచ్‌డీ మొత్తం కాలేయంలో కనబడిన ఒక ఐసోఫామ్ (ఒకే జన్యువు నుంచి వచ్చే వేరే రూపం) వెనకే పోయింది. ఆర్‌ఎన్‌ఏ డేటాలో అందంగా ఉంది. ఆ ప్రొటీన్ ఉందో లేదో చూడ్డానికి యాంటీబాడీ వేస్తే బ్యాండ్ రాలేదు, అంటే ప్రొటీన్ జాడ లేదు. మళ్లీ వేయమన్నారు, వేశాను, రాలేదు. ఆ ఎక్సాన్ పొడవు మూడుతో భాగింపబడదు, అంటే రీడింగ్ ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరుస) చెడిపోతుంది. అలాంటి ఆర్‌ఎన్‌ఏని కణం చాలాసార్లు తనే నాశనం చేసేస్తుంది. ఆ మాట మొదటి నెలలోనే అన్నాను, మా గైడ్ వినలేదు. ఫెలోషిప్ అయిపోయింది. పని ఉందని ముందే అనేసుకుంటే ఎవరి జీవితం కరిగిపోతుందో నాకు తెలుసు.

కణరేఖ: మీ గైడ్ మీద కోపం క్షీరదాలన్నిటి మీదా తీర్చుకోకండి.

సందేహి: ఈ మాట అనకుండా ఉండాల్సింది.

కణరేఖ: అనాల్సి వచ్చింది, ఎందుకో వినండి. మా అక్క కూతురికి మూర్ఛలు. జన్యుపరీక్ష చేయించాం. మార్పు ఒక చిన్న ఎక్సాన్‌లో ఉంది. ల్యాబ్ వాళ్లు ఎంచుకున్న ప్రామాణిక ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఆ ఎక్సాన్ లేదు. కాబట్టి అది ఇంట్రాన్‌లో (కత్తిరించి పారేసే భాగంలో) మార్పు, పట్టించుకోనక్కర్లేదని రిపోర్టులో రాసి పంపేశారు. మెదడులో ఎక్కువగా వాడేది ఆ ఎక్సాన్ ఉన్న రూపమే అని తర్వాత ఇంకో డాక్టర్ చూసి చెప్పారు. మా అక్క అప్పటిదాకా పడిన టెన్షన్ నేను కళ్లారా చూశాను. రుజువయ్యేదాకా పొరపాటే అని మీరు ఇక్కడ అంటారు. అక్కడ అది పరీక్షించకుండా పక్కన పడేయడానికి కారణమవుతుంది.

అణువు_27: మైక్రోఎక్సాన్లు అచ్చంగా ఇలాంటివే. పొడవు 3 నుంచి 27 న్యూక్లియోటైడ్లే (ఆర్‌ఎన్‌ఏ అక్షరాలే). నాడీకణాల్లో ఎన్‌ఎస్‌ఆర్100 అనే ప్రొటీన్ వీటిని చేర్చిపెడుతుంది. వెన్నెముక జీవుల్లో గట్టిగా నిలిచి ఉన్నాయి. ఆటిజం ఉన్న కొందరి మెదడు నమూనాల్లో వీటి చేరిక తగ్గినట్టు 2014లో తేలింది.

సందేహి: పాప సంగతి విని బాధ కలిగింది కణరేఖ గారూ. మనం ఇంతసేపూ తన్నుకుంటున్నది శాతాల గురించి కాదన్నమాట. తెలియని ఎక్సాన్ ఎదురైతే ముందు ఏమనుకోవాలి, రుజువు భారం ఎవరిది, అక్కడే మనకు పేచీ. నేను ఆ భారం పని ఉందనేవాళ్ల మీదే పెడతాను.

కణరేఖ: నేను కణజాలాన్ని బట్టి పెడతాను. 2021లో కేస్‌మన్ బృందం ఆరు క్షీరదాల్లోనూ కోడిలోనూ ఏడు అవయవాలు పెరిగే దశలన్నీ చూసింది. కొత్తగా పుట్టే ఎక్సాన్లు ఎక్కువగా వృషణాల్లో, అదీ వాటి ఎదుగుదల చివరి దశల్లో కనబడతాయి. పరిణామంలో నిలబడిపోయినవి మాత్రం ప్రధానంగా మెదడుకు చెందినవి. వయసుతో పాటు వాడకం మారే ఎక్సాన్లు మిగతావాటికంటే చాలా ఎక్కువగా జాతుల మధ్య నిలిచి ఉన్నాయి. మెదడులో ఎదుగుదలతో వాడకం పెరిగే ఎక్సాన్ దొరికితే, అది పనికిరాదని చూపించే భారం మీదే.

సందేహి: మెదడుకి, ఫ్రేమ్ చెడని ఎక్సాన్లకి ఒప్పుకుంటాను. కాలేయానికి ఒప్పుకోను. వృషణాల సంగతి అసలు ఎత్తకండి.

గోరింట: గుండె సంగతో?